నోకియా 5800లో ఒకచోట ఒక్క తాకు, ఇంకోచోట రెండు ఎందుకు? కార్డు ఖాళీగా ఉన్నా మెమరీ నిండిందని ఎందుకంటుంది?

మీరు అడిగినవి రెండు. నాన్నగారి బీరువాలో నోకియా 5800 ఎక్స్‌ప్రెస్‌మ్యూజిక్ దొరికింది, ఛార్జింగ్ పెడితే వెలిగింది. మెనూలో బొమ్మని ఒకసారి తాకితే తెరుచుకుంటోంది కానీ కాంటాక్టుల్లో, మెసేజీల్లో రెండుసార్లు తాకితే తప్ప కదలడం లేదు, తెర పాడైందా అన్నది మొదటిది. 8 జీబీ కార్డు దాదాపు ఖాళీగా ఉన్నా బ్రౌజర్ తెరవగానే మెమరీ నిండిందని ఎందుకంటోంది అన్నది రెండోది.

తెర బాగానే ఉంది. కార్డూ బాగానే ఉంది. 2008 చివరి నుంచి 2011 దాకా రుషికొండ మీద ఒక చిన్న కంపెనీలో సింబియన్ ఫోన్లకి సాఫ్ట్‌వేర్ రాసేదాన్ని. సింబియన్ అంటే అప్పటి నోకియా స్మార్ట్‌ఫోన్లని నడిపించిన ఆపరేటింగ్ సిస్టమ్. మూడేళ్ళపాటు రోజూ నా బల్ల మీద ఉన్న ఫోన్ ఇదే. అందుకని కాస్త వివరంగానే చెబుతాను.

మీ రెండు ప్రశ్నలకీ మూలం ఒకటే. ఆ ఫోన్ తెర కొత్తది, లోపలి సాఫ్ట్‌వేర్ పాతది. పాతది అంటే పనికిరానిదని కాదు, బటన్ల కోసమూ చాలా కొద్ది మెమరీ కోసమూ పుట్టినదని. సింబియన్ మీద కూర్చుని మనకి తెర మీద కనిపించే భాగం, ఎస్60 అనే ఆ ఇంటర్‌ఫేస్, 2002లో నోకియా 7650తో బజారులోకి వచ్చింది. 176×208 పిక్సెళ్ళ తెర, కింద రెండు సాఫ్ట్ కీలు (తెర మీది మాటని బట్టి పని మారే బటన్లు), మధ్యలో ఐదు వైపులా నొక్కే మీట. అలాంటి ఫోన్లో మీరు దేన్నీ తాకరు. మీటతో ఒక రంగు పట్టీని పైకీ కిందికీ జరుపుతారు. పట్టీ ఏ వరుస మీద ఉంటే ఫోన్ దృష్టిలో మీరు ఆ వరుస దగ్గర ఉన్నట్టు. ఎడమ సాఫ్ట్ కీ మీద ఉండే ‘ఆప్షన్స్’ అంతా ఆ పట్టీని నమ్ముకునే బతుకుతుంది. డిలీట్ అంటే ఏది డిలీట్? పట్టీ దేని మీద ఉంటే అది.

2008 అక్టోబరు 2న 5800ని ప్రకటించారు. సింబియన్ 9.4, దాని మీద ఎస్60 ఐదో ఎడిషన్. మధ్యలోని మీట తీసేశారు. పట్టీ మాత్రం ఉండిపోయింది. ఇప్పుడు కాంటాక్టుల్లోకి వెళ్ళి ‘అత్తయ్య’ పేరు మీద ఒకసారి వేలు పెట్టండి. పేరు తెరుచుకోదు కానీ దాని మీద పట్టీ పడుతుంది. అలా పడ్డాక ఎడమ కింద మూల ఆప్షన్స్ తాకండి: కాల్, మెసేజ్, డిలీట్ అన్నీ అత్తయ్యకే వర్తిస్తాయి. ఒక్క తాకుకే కాంటాక్టు తెరుచుకునేట్టు చేసి ఉంటే, తెరవకుండా ఆ పేరుని ఎంచుకునే దారే ఉండేది కాదు. ఈరోజు మనం వేలిని అదిమిపట్టి ఆ పని చేస్తున్నాం. వాళ్ళు దానికి బదులు మొదటి తాకుని పట్టీకి, రెండో తాకుని తెరవడానికి కేటాయించారు.

మెనూలో బొమ్మల సంగతి వేరు. అక్కడ బొమ్మతో చేసే పని సాధారణంగా దాన్ని తెరవడమే, కాబట్టి ఒక్క తాకు చాలు. అదే మెనూని బొమ్మల గడుల నుంచి జాబితాకి మార్చి చూడండి, మళ్ళీ రెండు తాకులు అడుగుతుంది. సాఫ్ట్ కీలకి, టూల్‌బార్ బొమ్మలకి, పైకి లేచే చిన్న కిటికీల్లోని బటన్లకి ఒకటి. వరుసలుగా పేర్చిన జాబితాకి రెండు. ఇంతే సూత్రం, ఒక పూట వాడితే చేతికి వచ్చేస్తుంది.

చేతికి రాకముందు పడే ఇబ్బందిని మాత్రం నేను తక్కువ చేసి చెప్పను. తర్కం సరైనదే, ఫలితం తప్పు. మనిషి తెర చూసి ఇది జాబితానా, గడులా అని ముందు తేల్చుకుని అప్పుడు వేలు పెట్టడు. మా ఆఫీసులో కొత్తవాళ్ళ చేతికి ఫోన్ ఇచ్చి పక్కన కూర్చుని చూసేవాళ్ళం. ఒకసారి తాకుతారు, ఆగుతారు, మళ్ళీ తాకుతారు. తెరుచుకోవడానికి అరక్షణం పడితే చాలు, అనుమానంతో మూడోసారి. ఆ మూడో తాకు అప్పుడే తెరుచుకున్న కొత్త తెర మీద పడుతుంది, అక్కడ ఏముంటే అది నొక్కుకుపోతుంది. చివరికి మా యాప్‌లో కొత్త తెర రాగానే పడే మొదటి తాకుని క్షణంలో చిన్న భాగంపాటు లెక్కచేయకుండా కోడ్ రాసుకున్నాం. 2010లో వచ్చిన ఎన్8లో నోకియా వాళ్ళు అన్నిచోట్లా ఒక్క తాకే పెట్టారు. అది మంచి నిర్ణయం, కాకపోతే రెండేళ్ళు ఆలస్యంగా వచ్చింది.

జాబితాని వేలితో పైకి తోస్తే జారుతూ పోవడం కూడా 5800లో మొదట లేదు, కుడి పక్కన సన్నని స్క్రోల్‌బార్ పట్టుకుని లాగాలి. తర్వాతి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లలో జారుడు వచ్చింది. మీ ఫోన్లో జారుతుంటే నాన్నగారు అప్‌డేట్ చేయించుకున్నారన్నమాట.

ఇక తెర. ఇది రెసిస్టివ్ తెర, ఈ మాట వినగానే చాలామంది పెదవి విరుస్తారు. నేను విరవను. పైన వంగే ప్లాస్టిక్ పొర, కింద గాజు. రెండింటి లోపలి వైపులా కరెంటుని పోనిచ్చే ఇండియం టిన్ ఆక్సైడ్ పూత. రెండూ ఒకదానికొకటి అంటుకోకుండా మధ్యలో కంటికి ఆననంత చిన్న చుక్కలు. మీరు నొక్కిన చోట పై పొర వంగి కింది దాన్ని తాకుతుంది. ఒక పొరకి ఈ చివరి నుంచి ఆ చివరికి వోల్టేజీ ఇచ్చి, రెండో పొర మీద ఎంత వచ్చిందో కొలిస్తే అడ్డంగా ఎంత దూరమో తెలుస్తుంది. పొరల పాత్రలు మార్చి మళ్ళీ కొలిస్తే నిలువుగా ఎంత దూరమో తెలుస్తుంది. సెకనుకి ఎన్నోసార్లు ఇలా కొలుస్తూనే ఉంటుంది. ఒకేసారి రెండు వేళ్ళు పెడితే కొలత ఆ రెండింటి మధ్య ఎక్కడో పడుతుంది. రెండు వేళ్ళతో ఫొటోని పెద్దది చేయడం ఈ తెర మీద కుదరకపోవడానికి కారణం అదే.

దీనికి కావాల్సింది ఒత్తిడి. చర్మమే అవసరం లేదు. గోరు చాలు, పెన్ను మూత చాలు. మా మేనమామ ఫిషింగ్ హార్బర్‌లో ఐసు వ్యాపారం చేసేవాడు. తెల్లవారుజామున బోట్లు రాగానే మొదలయ్యే పని, పొద్దెక్కే దాకా చేతులు తడి ఆరవు. 5800 కొనుక్కున్న మొదటి వారం ఫోన్ జేబులోంచి తీసినప్పుడల్లా చొక్కాకి చెయ్యి తుడుచుకునేవాడు. తర్వాత మానేశాడు. తడి చేత్తోనే బొటనవేలి గోరు తెరకి ఆనించి, అంకెలు ఒక్కొక్కటే టక్కుటక్కుమని నొక్కేవాడు. నొక్కిన ప్రతిసారీ ఫోన్ చేతిలో సన్నగా అదురుతుంది కాబట్టి అంకె పడిందో లేదో చూడక్కర్లేదు. తర్వాత అతనికి కెపాసిటివ్ తెర ఉన్న కొత్త ఫోన్ కొనిచ్చాం. అది చర్మం దగ్గరకొస్తే మారే విద్యుత్ క్షేత్రాన్ని పట్టుకునే రకం. తెర మీద నీటిచుక్క ఉంటే వేలేదో నీళ్ళేవో దానికి తికమక. “ఇది ఏసీ గదిలోవాళ్ళ ఫోనురా” అని పాత 5800నే మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. మే నెలలో విశాఖ ఉక్కపోత ఎరిగినవాళ్ళకి ఆ మాటలో ఎంత నిజముందో చెప్పనక్కర్లేదు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. వేలి మెత్తటి భాగంతో ఆనీ ఆననట్టు రాస్తే ఈ తెరకి తెలియదు. ఇప్పటి అలవాటుతో మీరు సున్నితంగా తాకుతూ ఉండి ఉంటారు, రెండుసార్లు అన్నది ఒక్కోసారి మీకు మూడో నాలుగో కావడానికి అదీ ఒక కారణం. గోరు వాడండి. నొక్కిన చోట కాకుండా పక్కన పడుతుంటే సెట్టింగ్స్‌లో టచ్ ఇన్‌పుట్ కింద కాలిబ్రేషన్ ఉంటుంది, గుర్తు చూపించిన చోటల్లా స్టైలస్ (తెర మీద నొక్కడానికి ఫోన్‌తో ఇచ్చిన చిన్న పుల్ల) మొనతో నొక్కితే సర్దుకుంటుంది. స్టైలస్ వెనక మూత మూలలో దూర్చి ఉంటుంది, ఓసారి చూడండి.

ఆ స్టైలస్ ఎందుకిచ్చారో కొలతలు చూస్తే తెలుస్తుంది. తెర 3.2 అంగుళాలు, 640×360 పిక్సెళ్ళు. లెక్కగడితే అడ్డంగా 40 మిల్లీమీటర్లు, నిలువుగా 71. అంగుళానికి దాదాపు 230 పిక్సెళ్ళు. అదే కాలపు ఐఫోన్‌లో 3.5 అంగుళాల తెర మీద 480×320, అంటే అంగుళానికి 163 మాత్రమే. అక్షరాల స్పష్టతలో 5800 ఎంతో మెరుగు. కానీ ఆ 40 మిల్లీమీటర్లలోనే టైపు చేయాలి. ఫోన్ నిలువుగా పట్టుకుంటే పాత ఫోన్ల అంకెల కీప్యాడ్ వస్తుంది, వరుసకి మూడు కీలు, ఒక్కో కీ 13 మిల్లీమీటర్ల వెడల్పు, బొటనవేలికి హాయి. అడ్డంగా తిప్పితే పూర్తి కీబోర్డు, కీ ఆరు మిల్లీమీటర్లు అటూఇటూ, జాగ్రత్తగా ఉంటే సరిపోతుంది. ఇంకొకటుంది, నిలువు తెర మీద తేలే చిన్న కీబోర్డు: వరుసకి పది అక్షరాలంటే కీ 4 మిల్లీమీటర్లు కూడా దాటదు. అది వేలి కోసం కాదు, స్టైలస్ కోసమే. ఇవి చాలవన్నట్టు చేతిరాతని గుర్తుపట్టే పద్ధతి కూడా పెట్టారు. వేలికా, గోటికా, పుల్లకా అన్నది తేల్చకుండా అందరికీ ఒక్కోటి ఇచ్చేశారు. నాకు నచ్చనిది అదే. ఒక్కదాన్ని పట్టుకుని దాన్నే బాగా చెక్కి ఉంటే బాగుండేది.

ఒంటి మీది బటన్ల విషయంలో ఆ తడబాటు లేదు. తెర కింద మూడు నిజమైన మీటలు: పచ్చది ఫోన్ ఎత్తడానికి, ఎర్రది పెట్టేయడానికి, మధ్యలో తెల్లది మెనూకి. కుడి పక్కన వాల్యూమ్, కెమెరా, వాటి మధ్య స్ప్రింగుతో వెనక్కి వచ్చే లాక్ మీట. చీకట్లో జేబులోంచి తీస్తూనే బొటనవేలితో ఆ మీటని కిందికి లాగితే ఫోన్ బయటికొచ్చేలోపే తెర వెలిగి ఉండేది. దాని తర్వాత ఎన్ని ఫోన్లు వాడానో, లాక్ తీయడం అంత తేలిగ్గా ఎక్కడా అనిపించలేదు. తెర పైన కుడివైపు చిన్న గుర్తు కనిపిస్తుంది, బొమ్మ అనుకుని వదిలేయకండి. తాకితే పాటలు, గ్యాలరీ, ఆన్‌లైన్‌లో పంచుకోవడం, వీడియోలు, బ్రౌజర్ ఐదూ ఒక పట్టీలో దిగుతాయి. ఫోన్ మోగుతుంటే బోర్లా తిప్పితే మూగబోయేట్టు సెన్సర్ సెట్టింగుల్లో పెట్టుకోవచ్చు.

ఇప్పుడు రెండో ప్రశ్న. అసలు చెప్పుకోవాల్సింది ఇక్కడే ఉంది.

మెమరీ అని ఒకే మాట వాడతాం కానీ ఆ ఫోన్లో మూడు వేర్వేరు జాగాలున్నాయి. మొదటిది ర్యామ్, 128 ఎంబీ. నడుస్తున్న ప్రోగ్రాములన్నీ ఇందులోనే ఉండాలి. రెండోది ఫోన్ సొంత నిల్వ, మీకు మిగిలేది 81 ఎంబీ, దీన్ని సింబియన్ సీ డ్రైవ్ అంటుంది. మూడోది మీ 8 జీబీ కార్డు, అది ఈ డ్రైవ్. ఇవి కాక సిస్టమ్ ఉండే జెడ్ డ్రైవ్ ఒకటుంది, దాన్ని మీరు చదవగలరు గానీ రాయలేరు. డీ అని ర్యామ్‌లోనే తాత్కాలికంగా గీసుకునే డ్రైవ్ ఇంకోటి. బ్రౌజర్ తెరవగానే నిండిందన్నది మొదటి జాగా గురించి. కార్డుకీ దానికీ సంబంధం లేదు. వంటింటి గట్టు మీద చోటు లేదంటుంటే, పెరట్లో కొట్టుగది ఖాళీగా ఉంది కదా అంటే ఏం లాభం?

ఆ గట్టుని ఎలా వాడారో చూస్తే మాత్రం ముచ్చటేస్తుంది. అంతకుముందు తరం ఫోన్లలో చాలావాటికి సిస్టమ్ కోడ్ నార్ ఫ్లాష్ అనే చిప్పులో ఉండేది, ప్రాసెసర్ అక్కడి నుంచే నేరుగా నడిపేసేది. ఖరీదెక్కువ. తర్వాత చవకైన నాండ్ ఫ్లాష్ వచ్చింది, కానీ అందులోంచి నేరుగా నడపలేం. అది అటకలాంటిది, కావాల్సిన గిన్నె గట్టు మీదికి దించుకోవాల్సిందే. మొదట్లో ఫోన్ ఆన్ చేయగానే అటక మీది సామానంతా దించేసేవాళ్ళు, సగం గట్టు దానికే సరిపోయేది. అప్పుడు డిమాండ్ పేజింగ్ తెచ్చారు. కోడ్‌ని 4 కేబీ పేజీలుగా చూసి, ప్రాసెసర్ ఏ పేజీ దగ్గరికి వస్తే దాన్నే అప్పటికప్పుడు దించుకోవడం. చోటు కావాలంటే వాడని పేజీని పారేయడం, మళ్ళీ కావాల్సొస్తే అటక మీద అసలు ప్రతి ఎలాగూ ఉంది. నోకియా ఎన్95 ఫోన్‌కి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌గా ఇది వచ్చినప్పుడు, అదే ఫోన్లో ఖాళీ ర్యామ్ ఒక్కసారిగా పెరిగింది. 5800 కూడా ఈ పద్ధతిలోనే నడుస్తుంది.

కానీ పారేయగలిగేది కోడ్‌నే. మీరు తెరిచిన వెబ్ పేజీ, అందులోని ఫొటోలు, సగం రాసిన మెసేజీ, ఇవి అటక మీద లేవు, పారేస్తే పోయినట్టే. వీటిని కూడా ఫ్లాష్‌లోకి సర్దిపెట్టే ఏర్పాటు తర్వాతి తరం సింబియన్‌తో గానీ రాలేదు. అందుకని మీ 5800 బ్రౌజర్‌లో బరువైన పేజీ తెరిస్తే గట్టు నిండిపోతుంది. నిండేటప్పుడు సిస్టమ్ ఏం చేస్తుందంటే, వెనక తెరిచి ఉన్న యాప్‌లని చప్పుడు చేయకుండా మూసేస్తుంది. అప్పటికీ చాలకపోతే మీకు మెసేజీ చూపిస్తుంది.

ఆ మెసేజీ అంత మర్యాదగా రావడం వెనక ఎంత కష్టముందో నాకు తెలుసు, అందుకే దాన్ని తిడితే బాధేస్తుంది. సింబియన్ మూలాలు బ్రిటన్‌లోని సయాన్ కంపెనీ చేతికంప్యూటర్లలో ఉన్నాయి, 1997లో వచ్చిన సిరీస్ 5 అన్నదాని కోసం రాసిన వ్యవస్థే పేరు మారి ఫోన్లలోకొచ్చింది. మెమరీ ఏ క్షణమైనా అయిపోవచ్చు, అయిపోయినా మనిషి రాసుకున్నది పోకూడదు అన్నది దాని పుట్టుకలోనే ఉన్న నియమం. మేం రాసే ప్రోగ్రాముకి మామూలుగా దొరికే స్టాక్, అంటే ప్రోగ్రాములోని ఒక్కో ముక్క (ఫంక్షన్) తన తాత్కాలిక సమాచారం పెట్టుకునే జాగా, 8 కేబీ. ఒక ఫంక్షన్‌లో 256 అక్షరాల బఫర్ పెట్టుకుంటే, అక్షరానికి రెండు బైట్ల లెక్కన 512 బైట్లు అక్కడే పోయాయి. అంటే మొత్తంలో పదహారో వంతు. అలాంటివి పదహారు ఒకదాన్నొకటి పిలుచుకుంటే ప్రోగ్రాము కూలుతుంది. మెమరీ అడిగిన ప్రతిచోటా దొరక్కపోతే ఏంటి అని ముందే రాసిపెట్టాలి. దొరకనప్పుడు వచ్చే అంకె మైనస్ 4. మధ్యలో పని ఆగిపోతే అప్పటిదాకా తీసుకున్నవన్నీ తిరిగి ఇచ్చేయడానికి ‘క్లీనప్ స్టాక్’ అని ఒక జాబితా ఉండేది, తీసుకున్న ప్రతిదాన్నీ అందులో మన చేత్తో వేయాలి.

చేరిన రెండో నెలలో ఒక చిన్న డైరీ యాప్ రాశాను. చక్కగా నడిచింది. మూసేసరికి ‘అలాక్’ అన్న మాట, పక్కన ఎనిమిది అక్షరాల సంఖ్య చూపించి ఎమ్యులేటర్ (కంప్యూటర్లో నడిచే ఉత్తుత్తి ఫోన్) కూలిపోయింది. పరీక్షించే బిల్డ్‌లో, తీసుకున్న మెమరీలో ఒక్క ముక్క తిరిగి ఇవ్వకపోయినా అలాగే కూలుతుంది, వదిలిపెట్టదు. ఆ సంఖ్య ఆ ముక్క చిరునామా. రెండు రోజులు వెతికాను. చివరికి దొరికింది, తేదీ రాసే ఒక చిన్న స్ట్రింగు, ముప్ఫై నలభై బైట్లుంటుంది. దాన్ని క్లీనప్ స్టాక్ మీద వేయడం మర్చిపోయాను. మా సీనియర్ దాన్ని సరిచేయించి ఊరుకోలేదు. మొదటి మెమరీ అభ్యర్థనని కావాలని విఫలం చేసి నడిపించింది, తర్వాత రెండోది, తర్వాత మూడోది, అలా వరసగా. ప్రతిచోటా యాప్ కూలకుండా, ఏదీ పారబోసుకోకుండా వెనక్కి రావాలి. ఈ పద్ధతిలో పరీక్షించడం ఆ రోజుల్లో సింబియన్ రాసేవాళ్ళకి మామూలు విషయం. మీ ఫోన్ బ్రౌజర్ పేజీ తెరవలేనని చెప్పి, మీరు సగం రాసిన మెసేజీని మాత్రం భద్రంగా ఉంచుతోందంటే ఇలాంటి చాకిరీ వల్లే.

128 ఎంబీ తక్కువ కదా అనిపించవచ్చు. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్‌కీ 128 ఎంబీయే. వాళ్ళు ఎంచుకున్న దారి వేరు: బయటివాళ్ళు రాసిన యాప్ తెర మీద ఉన్నంతసేపే నడుస్తుంది, వెనక్కి వెళ్ళగానే ముగిసిపోతుంది. 2010లో వచ్చిన నాలుగో వెర్షన్ దాకా అంతే. 2008లో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ హెచ్‌టీసీ డ్రీమ్‌కి 192 ఎంబీ ర్యామ్ ఇచ్చారు, కానీ యాప్‌లన్నీ ఫోన్ సొంత నిల్వలోనే పెట్టాలి. కార్డుకి మార్చే వీలు ఆండ్రాయిడ్‌లో 2010లో 2.2 వెర్షన్‌తో వచ్చింది. సింబియన్‌లో పాట వింటూ, మ్యాప్ తెరిచి పెట్టి, మెసేజీ రాస్తూ ఉండొచ్చు, యాప్‌ని మొదటిరోజు నుంచే కార్డులో వేసుకోవచ్చు. ఆ స్వేచ్ఛకి బదులుగా ఏది తెరిచి ఉంది, ఏది ఎక్కడ ఉంది అన్న లెక్క వాడేవాళ్ళ మీద పడింది. నన్నడిగితే అది మామూలు మనిషి మీద వేయకూడని బరువు. యాప్‌లోంచి తెల్ల మీట నొక్కి బయటికొస్తే అది మూసుకున్నట్టు కాదు, వెనక అలాగే ఉంటుంది. ఎగ్జిట్ నొక్కితేనే పోయినట్టు. ఈ సంగతి తెలియకుండానే ఏళ్ళ తరబడి 5800 వాడినవాళ్ళని చాలామందిని చూశాను.

కాబట్టి చేయాల్సినవి చెబుతాను. తెల్ల మీటని కాసేపు నొక్కిపట్టండి, తెరిచి ఉన్న యాప్‌లన్నీ కనిపిస్తాయి, అక్కర్లేనివి మూసేయండి. బ్రౌజర్‌లో క్యాష్ (చూసిన పేజీలని దాచుకునే తాత్కాలిక నిల్వ) ఖాళీ చేయండి, అది సీ డ్రైవ్‌ని తినేస్తుంది. మెసేజీలకి వెళ్ళి ఆప్షన్స్, సెట్టింగ్స్, అదర్ కింద ‘మెమరీ ఇన్ యూజ్’ని కార్డుకి మార్చండి, పాత మెసేజీలూ అటు పంపాలా అని అడిగితే సరేననండి. కెమెరా సెట్టింగుల్లోనూ అలాగే. సీ డ్రైవ్‌లో కొన్ని ఎంబీలు ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి, అది పూర్తిగా నిండితే కొత్త మెసేజీ దిగడానికి కూడా చోటుండదు. కార్డులోని యాప్‌లని ఇంకో 5800లో పెట్టి నడుపుదామనుకుంటే కుదరదు. కార్డులో వేసిన ప్రతి ప్రోగ్రాముకీ వేలిముద్రలాంటి గుర్తు ఒకటి సీ డ్రైవ్‌లో దాచి ఉంటుంది, రెండూ సరిపోలితేనే నడవనిస్తుంది.

ఆ ఫోన్లో తెలుగు చదవాలని ఉంటే దాని సొంత బ్రౌజర్‌తో కష్టం, డబ్బాలు కనపడతాయి. అప్పట్లో మేమంతా ఒపెరా మినీ వేసుకునేవాళ్ళం. అడ్రసు గడిలో ఒపెరా, కోలన్, కాన్ఫిగ్ అని ఇంగ్లిషులో కొడితే ఒక సెట్టింగుల పేజీ వచ్చేది, అందులో సంక్లిష్ట లిపులకి బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడమనే చోట అవును అని పెట్టాలి. అంతే, వాళ్ళ సర్వరే తెలుగు అక్షరాలని బొమ్మలుగా మార్చి పంపేది. పేజీని కుదించి పంపడం వల్ల ర్యామ్ మీద భారమూ తగ్గేది. మద్దిలపాలెంలో బస్సెక్కి రుషికొండ దిగేలోపు రోజూ తెలుగు బ్లాగులు అలాగే చదివాను. ఒక్కో వాక్యం బొమ్మగా దిగుతుంటే ఒత్తులు, గుణింతాలు ఎక్కడివక్కడ సరిగ్గా కుదురుకుని కనపడటం ఆ రోజుల్లో ఎంత సంబరమో. ఇప్పటి వెబ్‌సైట్లు చాలావరకు ఆ ఫోన్‌తో మాట్లాడవు కాబట్టి అది జరిగే పని కాకపోవచ్చు. నోకియా యాప్‌ల దుకాణంలోకి కూడా 2014 జనవరి నుంచి సింబియన్‌కి కొత్తవి తీసుకోవడం ఆపేశారు. కాల్స్ కోసం 2జీ ఉన్న సిమ్ వేయండి, జియోది అందులో పనిచేయదు.

బ్యాటరీ తీసి చూడండి, బీఎల్-5జే అని ఉంటుంది, 1320 ఎంఏహెచ్. పొట్ట ఉబ్బి ఉంటే ఇక వాడొద్దు, లూమియా 520లో వేసేదీ ఇదే కనుక వెతికితే దొరుకుతుంది. ఛార్జింగ్ సన్నపిన్నుతోనే, పక్కనున్న మైక్రో యూఎస్‌బీ నుంచి ఎక్కదు.

స్టార్, హ్యాష్ కొట్టి 7370 నొక్కి చివర హ్యాష్ పెడితే కొత్తదానిలా అవుతుందని ఎవరైనా చెబితే నిజమే, కానీ అది సీ డ్రైవ్ మొత్తం తుడిచేస్తుంది. నాన్నగారి కాంటాక్టులు, ఆ కాలపు మెసేజీలు ఉండేది అక్కడే. ముందు మెసేజీలు కార్డుకి మార్చండి, కాంటాక్టులన్నీ గుర్తుపెట్టి ఆప్షన్స్‌లోంచి కార్డుకి కాపీ చేయండి, కార్డు తీసి కంప్యూటర్లో పెట్టి అవి నిజంగా వచ్చాయో లేదో చూసుకోండి. సెట్టింగులు మాత్రమే మామూలుకి రావాలంటే 7370కి బదులు 7780 చాలు, అది మీ సమాచారం జోలికి పోదు. కోడ్ అడిగితే, నాన్నగారు మార్చి ఉండకపోతే, 12345.